దొర తొట్టికి నావ మందు

మొన్న విజయనగరంలో మా మనవడి ఇంట్లో స్నానాల గదిలోని టబ్బు బీట వేసింది. తెల్లగా, నున్నగా, మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత పొడవున్న టబ్బు అది. అందులో ఎవరైనా స్నానం చేస్తుండగా మాత్రం నేను ఏనాడూ చూడలేదు, ఉతకాల్సిన బట్టలూ రెండు బకెట్లూ అందులో కాపురం చేస్తుండేవి. బాగుచేసే మనిషి వచ్చి, టార్చిలైటు వేసి చూసి, ఇది అతికితే ఆగేది కాదు, తీసేసి కొత్తది పెట్టించుకోండని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు. మనవడి భార్య పాపం చాలా నొచ్చుకుంది. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. ఎందుకు నవ్వుతున్నారని ఆ పిల్ల అడిగితే వెంటనే చెప్పలేకపోయాను, అది ఒక మాటతో తేలే సంగతి కాదు, అందుకని రాస్తున్నాను. నాకు రాయడం ఆలస్యంగా వచ్చింది, మనవలతోపాటు వాళ్ల పలక మీదే దిద్దుకున్నదాన్ని, కనుక ఎక్కడైనా ఒత్తు తప్పితే సర్దుకుని చదువుకోండి. నా ఈడువాళ్లకైతే నేను సగం చెప్పేసరికే మిగతా సగం తెలిసిపోతుంది.

మాది కళింగపట్నానికి దగ్గరలో సముద్రపుటొడ్డున ఉన్న చేపలవాళ్ల వాడ. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులవి, కిరోసినుకు కరువు, బట్టకు కరువు, చేపలకు మాత్రం ఏ లోటూ లేదు. నాకు పెళ్లయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. అత్తవారిల్లంటే పరాయిల్లేమీ కాదు, మా నాన్న తోడబుట్టిన అక్క ఇల్లే, కాబట్టి పెళ్లికి ముందూ ఆవిడ నాకు అత్తే, తర్వాతా అత్తే, తిట్లు మాత్రం పెళ్లయ్యాక కొంచెం పెరిగాయి. ఆ ఇంట్లో అత్త, మావ, వాళ్ల ఒక్కగానొక్క కొడుకు మా బావ, అంటే నా పెనిమిటి, నేను. పక్కింట్లో మావకు తమ్ముడు, నాకు చినమావ. ఈ కథలో ఉన్న మనుషులు ఇంతే.

మావ నావకు తండేలు. తండేలంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, నావలో వెనక నిలబడి పెద్ద తెడ్డు పట్టుకునే మనిషి, ఏ అల మీద ఎక్కాలో ఏ అలను వదలాలో చెప్పే మనిషి, ఆయన నోరు తెరిస్తే మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. మావ ఇంట్లోనూ అలాగే ఉండేవాడు. మా బావ ఎదిగిన మగవాడై కూడా తండ్రి వీధిలోంచి వస్తుంటే పెరటి దారిన జారుకునేవాడు, ఇద్దరూ నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకోవడం నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూడనేలేదు. నావలో కూడా బావ ముందు కొసన, తండ్రి వెనక కొసన. మధ్యలో వలలు.

అంతటి మనిషికి ఆ ఏడు మోకాళ్లు పట్టేశాయి. చిన్ననాటి నుంచీ తడిబట్టతో, చలిగాలిలో, ఊగే చెక్క మీద నిలబడ్డ కాళ్లు కదా, ఒకనాడు పొద్దున్న లేవబోతే లేవలేదు. కూర్చోబెట్టాలంటే ఇద్దరు, నిలబెట్టాలంటే ఇద్దరు. వానాకాలం కనుక వేట ఆగి ఉంది, నావలు ఇసక మీదికి లాగి ఉన్నాయి, అందుచేత మొదట్లో ఎవరికీ అంత భయం కలగలేదు. కానీ సముద్రం నెమ్మదించి మళ్లీ వేట మొదలుపెట్టే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజున గంగమ్మకు పూజ చేసి, తండేలు తెడ్డు భుజాన పెట్టుకుని ముందుగా నీళ్లలోకి దిగి, నడుం లోతులో నిలబడాలి, ఆ తర్వాతే నావ కదులుతుంది. మా వాడలో ఇంకో పద్ధతి ఉండేది. తెడ్డు ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లాలన్నా ఆ నీళ్లలోనే, నిలబడ్డ చేతి నుంచి నిలబడ్డ చేతికే వెళ్లాలి. పాత తండేలు నిలబడలేకపోతే ఆ తెడ్డు ఇంకెవరూ పట్టకూడదు, దాన్ని నరికి పొయ్యిలో పెట్టి, పెద్దలు వేరే మనిషిని చూసుకుని కొత్త తెడ్డు చేయించుకోవాలి. మావ తెడ్డు వాళ్ల నాన్నది. పట్టుకునే చోట చెక్క అరిగి నల్లగా నిగనిగలాడుతుండేది. మంచం పక్కనే గోడకు ఆనించి ఉండేది, ఆయన పడుకుని దాన్నే చూస్తుండేవాడు.

చినమావ ఒకసారి, నెమ్మదిగానే, తెడ్డు సంగతి ముందే పెద్దలతో మాట్లాడి ఇంట్లోనే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తే పోతుంది కదా, పొయ్యిలోకి పోకుండా ఉంటుంది కదా అని కదిపాడు. చినమావకు దాని మీద ఆశ లేదు, ఆయనకు కల్లు మీదా కబుర్ల మీదా తప్ప దేని మీదా ఆశ లేదు. మావ ఆ మాటకు కోప్పడలేదు, అందుకే మాకు భయం వేసింది.

"కూకున్నోడి సేతిలోంచి తెడ్డు తీసుకుంటే పీనుగు మీద గుడ్డ లాగినట్టుంటాది. నేను నిలబడే ఇస్తాను," అన్నాడు.

పాతపట్నం వైపు నుంచి వేర్లూ తైలాలూ మోసుకుని తిరిగే నాటువైద్యుడొకాయన వచ్చాడు. సగం ఒడియా, సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు, అయినా చెయ్యి మంచిది. మోకాళ్లు నొక్కి చూసి, తైలం ఇచ్చి, తైలం కన్నా ముఖ్యం వావిలాకు వేసి మరిగించిన నీళ్లలో రోజూ పొద్దున్న నడుం దాకా, కాళ్లు బారజాపుకుని, చెమట పట్టేదాకా కూర్చోవాలని చెప్పాడు. చెప్పి వెళ్లిపోయాడు, దేనిలో కూర్చోవాలో చెప్పలేదు. పెళ్లిళ్లలో వంటకు వాడే పెద్ద గుండిగ ఒకటి తెచ్చి కూర్చోబెట్టి చూశాం, కాళ్లు ముడుచుకోవాల్సి వచ్చింది, ముడిస్తేనే కదా నొప్పి. గోనెలు వేడినీళ్లలో ముంచి కప్పి చూశాం, పైన కాలింది, లోపల తగల్లేదు. అత్త ఆదివారం ఆదివారం ఎండుచేపలు అమ్మే బుట్ట ఇంటి దగ్గర పెట్టి, అర్ధరాత్రే లేచి తలకు పోసుకుని అరసవల్లి దాకా నడిచి వెళ్లి సూర్యనారాయణమూర్తికి దండం పెట్టుకుని వచ్చేది. మావకు ఆ సంగతి చెప్పేది కాదు.

అప్పుడే రేవు బంగళాలో ఉండే దొర ఒకాయన సామానుతో సహా ఓడెక్కి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు. ఓడ లోతు నీళ్లలో దూరంగా ఆగేది, వేట ఆగిన రోజుల్లో కూడా సామాను మా వాడవాళ్లే కూలికి నావల మీద అలలు దాటించి చేరవేసేవారు. బీరువాలు, కుర్చీలు, పియానో లాంటిదేదో, అన్నీ క్షేమంగా వెళ్లాయి. చివరికి ఒక తొట్టి వచ్చింది. బయట పోత ఇనుము, లోపల గుడ్డు పెంకులా తెల్లని పింగాణీ పూత, కింద నాలుగు కాళ్లు, ఆ కాళ్లకు పులి గోళ్లు. దాన్ని ఎక్కించిన నావ మొదటి అల మీదే ముక్కు పైకెత్తింది, తొట్టి వెనక్కి జారి లంగరు రాయికి కొట్టుకుంది, అంచు నుంచి కడుపు దాకా నిలువునా పగిలింది. దొర వచ్చి చూసి, ఏదో గొణుక్కుని, చెయ్యి ఊపేసి వెళ్లిపోయాడు. అది అలా ఇసక మీద మిగిలింది.

మూడు వాడల జనం దాన్ని చూడ్డానికి వచ్చారు. దొర అందులో పడుకునేవాడని కొందరు, పందిని అందులో వండేవారని కొందరు. స్నానానికని చెబితే ఒక ముసలమ్మ నమ్మలేదు, తన మురికిలో తనే కూర్చుంటే అది స్నానమెలా అవుతుందని అడిగింది. మా స్నానాలు బావి గట్టు మీద, తాటాకు దడి చాటున, చేదతో తోడుకుని నెత్తిన కుమ్మరించుకోవడమే కదా, నీళ్లు ఒంటి మీది నుంచి అరటి మొక్కకు పోవాలి. ఏదైతేనేం, ఆ తొట్టి మాట మంచంలో ఉన్న మావ చెవిన పడింది. పొడవెంతని అడిగాడు. చినమావ రెండు చేతులూ చాపి చూపించాడు. తెండి అన్నాడు మావ.

వెదుళ్లకు కట్టి, మా వాడ మగవాళ్లంతా భుజాలు వేసి, పెరట్లోకి తెచ్చారు. ఇక్కడి నుంచే వచ్చింది చిక్కంతా. ఆ మగవాళ్లు పుట్టినప్పటి నుంచీ చీలికలు పూడ్చిందల్లా నావలకే. వాళ్ల చేతికి పగిలింది ఏది దొరికినా అది నావే. గుగ్గిలం పొడి నూనెలో వేసి కాచి, నల్లగా తీగ సాగే పాకం చేసి, కొబ్బరిపీచుతో కలిపి పలకల సందుల్లో కూరేవారు, దాన్ని మావాళ్లు మందు అనేవారు. నావకు మందు పెట్టేటప్పుడు ఆడవాళ్లు ముట్టుకోకూడదు, ఆ చుట్టుపక్కల తిరగకూడదు, తిరిగితే ఆ నావ నీళ్లు తాగుతుందని నమ్మకం. తొట్టికి కూడా అదే నియమం పెట్టారు. మంచం పెరటి గుమ్మంలోకి వేయించుకుని మావ పెత్తనం చేస్తుంటే, తొట్టిని ఇసక మీద నావను బోర్లించినట్టే బోర్లించి, పులికాళ్లకు పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నన్నూ అత్తనూ వంటింట్లోకి తోలి తలుపు దగ్గరికి వేశారు. మేమిద్దరం తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాం. అత్త వక్క కొరుక్కుంటూ కూర్చుంది.

బయటి వైపు నుంచి చీలికలో పీచు కూరి, మందు పూసి, ఎండబెట్టి, తిరగేసి నీళ్లు నింపారు. నిండేదాకా బాగానే ఉంది, చినమావ మీసం కూడా తిప్పాడు. ఆ తర్వాత, ఊడడానికి సిద్ధంగా ఉన్న పన్నులాగా, ఆ మందు ముద్ద అంతా ఒక్కసారి బయటికి రాలిపడింది, దాని వెనకే నీళ్లు ధారగా వచ్చి మావ మంచం కిందికి పారాయి. మగవాళ్లంతా నిలబడి ఆ కన్నాన్ని చూశారు. నావకు నీళ్లు బయటి నుంచి తోస్తాయి, మందును లోపలికి ఇంకా గట్టిగా నొక్కుతాయి. ఇక్కడ తోపు లోపలి నుంచి. ముందు తట్టింది చినమావకే.

"అన్నియ్యా, మనం సముద్రం లోపలికి రాకుండా మందెట్టినాం. దీనికి సముద్రం లోపలే ఉన్నాది కదేటి."

సరే, రెండోసారి లోపలి వైపు నుంచి పెట్టారు. ఈసారి ఎందుకైనా మంచిదని మందు మందంగా, చీలిక పొడవునా జానెడు వెడల్పున పూశారు, ఆ తెల్లటి తొట్టిలో నల్లటి కొండచిలువ పడుకున్నట్టు కనిపించింది. చల్లనీళ్లు పోసి రాత్రంతా ఉంచితే ఒక చుక్క కారలేదు. మావ మొహంలో చాలా రోజులకు రంగు వచ్చింది. తెల్లారి నేను వావిలాకు దూసి తెచ్చాను, అత్త కాగులు పొయ్యెక్కించింది, నీళ్లు సలసలా మరిగించి, తొట్టిలో చల్లనీళ్లతో కలిపి ఒళ్లు ఓర్చేంత వేడి చేశారు. మావను గోచీతో ఎత్తి అందులో కూర్చోబెట్టారు. కాళ్లు బారజాపాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ నిట్టూర్పు వాడ చివరిదాకా వినిపించి ఉంటుంది.

నా ఈడువాళ్లకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. సముద్రం చల్లటిది, గుగ్గిలం దాంట్లో రాయిలా ఉంటుంది. వేడినీళ్లలో అది మెల్లగా మళ్లీ పాకమైంది. మొదట వావిలాకు వాసనలో గుగ్గిలం వాసన కలిసింది, అత్త ముక్కు ఎగబీల్చి నా వైపు చూసింది. తర్వాత నీళ్లు తగ్గడం మొదలుపెట్టాయి. చీలిక తెరుచుకుని నీళ్లన్నీ పోయేసరికి మావ ఖాళీ తొట్టిలో ఆవిర్లు కక్కుతూ కూర్చుని ఉన్నాడు. లేపబోతే లేవలేదు, మోకాళ్ల వల్ల కాదు, తొడలూ గోచీ ఆ మందుకు అతుక్కుపోయాయి. చినమావా బావా చంకల్లో చేతులు వేసి లాగితే మనిషితోపాటు తొట్టి కూడా కదిలింది. చినమావ నవ్వు ఆపుకోలేక చెయ్యి వదిలేశాడు, ఆ నవ్వుకు ఇరుగుపొరుగంతా దడి మీదికి ఎక్కారు. మావ అత్తను కేకేశాడు, ఒసే వచ్చి ఈ కాలు పట్టమని. అత్త గడప దాటలేదు.

"పడవ పనిలో ఆడోళ్లు సెయ్యెట్టకూడదన్నావు కదా. మరెలగ పట్టీది?" అంది.

చివరికి నువ్వు నూనె పోసి, కొబ్బరిపీచుతో రుద్ది, కొంత చర్మం అక్కడే వదిలి, బయటికి తీశారు. ఆ సాయంత్రం నవ్వులన్నీ అయిపోయాయి. మావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే వద్దన్నాడు. తొట్టిని ఉప్పుచేపలకు పెట్టుకోండని, పూజ రోజున తనను ఇంట్లోనే ఉంచమని, తెడ్డును మాత్రం తన ఎదుట నరకవద్దని, గోడకేసే చెప్పాడు. బావ ఆ మాట విని పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వేట రోజు దగ్గరికి వచ్చేస్తోంది, ఒడ్డున నావలకు అప్పుడే మందులు పెడుతున్నారు, ఆ వాసన ఇంట్లోకి వస్తోంది.

అత్త లేచింది. చెంగు బిగించి మంచం దగ్గరికి వెళ్లి నిలబడింది. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు.

"ఇది పడవేటి, తొట్టేటి? పడవయితే తీసుకెళ్లి గంగమ్మలోకి తోసీ. తొట్టయితే నా పెరట్లో ఉన్నాది, నేనే సూసుకుంటాను."

మావ గోడ వైపే ఉండి, తొట్టే అన్నాడు. అంతే, అనుమతి వచ్చేసింది.

అత్త చేసిందేమీ గొప్ప విద్య కాదు. మా రోజుల్లో ఏ ఇంటి ఆడదైనా చేసేదే. నీళ్ల బానకు బీట వేస్తే పారేసేవాళ్లమా? ఒడ్డున గుల్లలు కాల్చి చేసిన గుల్లసున్నం జల్లించి, నువ్వు నూనె కొంచెం కొంచెం పోస్తూ, దూది పింజలు వేసి, రోట్లో దంచేవాళ్లం. ఎంత దంచితే అంత గట్టి. ముద్ద వేళ్లకు అంటుకోకుండా, సాగదీస్తే జీడిపాకంలా సాగేదాకా దంచాలి. పెట్టింది ఒకసారి ఆరిందంటే దానికి వేడీ చల్లనా ఒకటే. మొదటి రోజే ఈ సంగతి ఎందుకు చెప్పలేదని ఆ రోట్లో పోటు వేస్తూ నేను అడిగాను, అడిగితే కదా చెప్పడానికి అంది. నాకూ తెలుసు కదా, నేనెందుకు చెప్పలేదంటే, కొత్త కోడలిని, వంటింట్లోకి తోలితే వెళ్లి కూర్చున్నాను. పక్కింటి ఆడవాళ్లు కూడా వచ్చి తలా కాసేపు దంచారు, తొట్టిలో అతుక్కున్న మావ కథను ఒకరికొకరు మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ దంచారు, మావకు వినిపించేటట్టే చెప్పుకున్నారు. ముందుగా ఆ నల్లమందంతా నిప్పు సెగ చూపించి గీకేసి, చీలికను బూడిదతో తోమి, సున్నం ముద్ద లోపలి నుంచీ బయటి నుంచీ కూరి, పైన నూనె గుడ్డ అతికించి, గోనె కప్పి, ఆరేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఈసారి దూరంగా ఉండాల్సింది మగవాళ్లు. చినమావ ఒకసారి వేలితో నొక్కి చూడబోతే అత్త రోకలి చూపించింది.

అది ఆగింది. వేడినీళ్లకూ ఆగింది, మావ బరువుకూ ఆగింది. తెల్లటి తొట్టిలో పసుప్పచ్చని పొడుగాటి మచ్చ, అందానికేమీ కాదు.

తర్వాత ప్రతి పొద్దునా మా పెరడు ఒక సంతలా ఉండేది. నేను పొయ్యి దగ్గర, అత్త కాగు దగ్గర, మావ తొట్టిలో, నీళ్లు చల్లారకుండా మరుగు నీళ్లు తెచ్చి పోయడానికి బావ పక్కన. ఎప్పుడూ తండ్రికి ఎదురుపడని మనిషి ఆయన పక్కనే చెంబుతో కూర్చోవాల్సి వచ్చింది. నడుం దాకా ఆకు నీళ్లలో, గోచీతో, చెమటలు కారుతూ కూర్చున్న మనిషిని చూసి ఎంత కాలమని భయపడతారు? మొదట నీళ్లు వేడిగా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాడు మావ. అలా అలా మాటలు వచ్చాయి. ఊరికే కూర్చోలేని మనిషి కనుక మావ ఆ తొట్టి నీళ్లనే సముద్రం చేసుకున్నాడు. అరచేత్తో అల లేపి, వావిలాకు ఒకటి నావ చేసి, ఇలా వచ్చే అలకు ముక్కు ఎదురుపెట్టాలి, దీని వెనక వచ్చేదాన్ని వదిలెయ్యాలి, మూడోది నిన్ను మోసుకెళుతుంది, తెడ్డు అప్పుడు లోతుగా కాదు, పైపైన ఉంచాలి అని చూపించేవాడు. నావలోంచి ఒడ్డు వైపు చూస్తే ఏ కొండ కొన ఏ తాటితోపు మీదికి వస్తే కింద రాయి ఉందో, నీళ్ల రంగు ఎక్కడ మారితే వల వెయ్యాలో, తూర్పుగాలి వాసన ఎలా ఉంటుందో, ఇన్నేళ్లూ ఒకే నావలో తిరిగి కొడుక్కి చెప్పనివన్నీ ఆ తొట్టిలో కూర్చుని చెప్పాడు. బావ చెంబు నీళ్లు పోయడం మరిచిపోయి వినేవాడు, అత్త వెనక నుంచి తిట్టేది.

మోకాళ్లు పూర్తిగా నయమయ్యాయని అబద్ధం చెప్పను. పట్టు వదిలాయి, వంగాయి, కర్ర పట్టుకుని పెరడంతా తిరిగాడు. పూజ రోజున కర్ర ఇంట్లో పెట్టి, తెడ్డు భుజాన వేసుకుని, ఒడ్డు దాకా నడిచాడు. వాడంతా చూస్తోంది. నీళ్లలోకి దిగాడు, మొదటి అలకు తూలాడు, చినమావ చెయ్యి చాపితే పట్టుకోలేదు. నడుం లోతులో నిలబడ్డాడు. నిలబడే ఇస్తానన్న మాట ఎప్పటికో అనీ, ఆయన పంతమంతా ఇంకొన్నాళ్లు తెడ్డు తన దగ్గరే ఉంచుకోవడానికనీ వాడలో అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి, నావ ముందు కొస పట్టుకుని ఉన్న కొడుకును గట్టిగా పిలిచాడు. ఒడ్డున ఉన్న మాకు కూడా వినిపించింది.

"ఒరే, ఇలా రా. ఇప్పుడు నా కాళ్లు నా మాట ఇంటన్నాయి. ఇప్పుడే పట్టు."

బావ పట్టుకున్నాడు. అత్త కొంగుతో మొహం కప్పుకుంది, నన్ను మాత్రం ఏడవకని కసిరింది. మావ ఆ తర్వాత వేటకు వెళ్లలేదు, రోజూ తొట్టిలో కూర్చుని ముందు రోజు బావ చేసిన తప్పులన్నీ లెక్కపెట్టేవాడు, సంతోషంగా ఉండేవాడు. తొట్టి చాలా ఏళ్లు మాతోనే ఉంది, ఒక పెద్ద తుఫానులో పెరడుతోపాటు పోయింది. పోయేనాటిదాకా సున్నం మాత్రం ఊడలేదు, కళ్లారా చూసే చెబుతున్నాను.

ఇప్పుడు మా వాళ్ల ఇళ్లలో గదికొక స్నానాల గది. గొళ్లెం వేసుకుంటే ఎవరి నీళ్లు వాళ్లవి. గొట్టం తిప్పితే వేడినీళ్లు వస్తున్నాయి, ఈ ముసలి ఒంటికి అది హాయిగానే ఉంది, పొగలో ఊదిన పొయ్యిలే బాగున్నాయని నేను చచ్చినా అనను. కానీ తలుపు వేసుకుని చేసే స్నానంలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేరు. మనవడికి ఏ కాలు నొప్పో నాకు తెలియదు, నాకు ఏ కాలు నొప్పో వాడికి తెలియదు, ఇద్దరం మాత్రలు వేసుకుంటున్నాం. మా ఇంట్లో ఇప్పుడు సముద్రం మీదికి వెళ్లేవాళ్లు లేరు. బావ పోయాక ఆ తెడ్డు పట్టే చెయ్యి లేకపోయింది, మరేం ఫర్వాలేదు, పిల్లలు ఉద్యోగాల్లో చల్లగా ఉన్నారు. మావ చెప్పినవన్నీ బావకేగా చెప్పింది, ఆయనతోనే పోయాయని మనవడు ఒకసారి బాధపడ్డాడు. వాడికి ఒక సంగతి తట్టలేదు. ఆ పొద్దుటిపూటలన్నీ నేను పొయ్యి దగ్గరే కూర్చుని ఉన్నాను. ఏ కొండ కొన ఏ తోపు మీదికి వస్తే కింద రాయి ఉందో, మూడో అల మీద తెడ్డు ఎలా ఉంచాలో, ఒక్క ముక్క పోకుండా నాకు తెలుసు. తెడ్డును మాత్రం ఒక్కసారైనా ముట్టుకోలేదు.